అజ్ఞాత సైనికుడా, పేరు తెలియని సైనికుడా? మాస్కో సమాధి మీది రెండు పంక్తులు

ప్రశ్న:
మే 9 (రెండో ప్రపంచ యుద్ధంలో జర్మనీ మీద సోవియట్ విజయ దినం) సందర్భంగా ఒక ఫొటో ప్రదర్శనకు తెలుగు వ్యాఖ్యలు రాస్తున్నాం. మాస్కో అలెగ్జాండర్ తోటలో ఆ యుద్ధంలో పోయిన పేరు తెలియని సైనికుడి సమాధి మీది రష్యన్ వాక్యం పలికితే ఇలా ఉంటుంది: "ఇమ్యా త్వయో నెయిజ్వెస్‌న, పోద్విగ్ త్వోయ్ బెస్‌స్మేర్తెన్". దీనికి "నీ నామం అజ్ఞాతం, నీ ఘనకార్యం అమరం" అని ముసాయిదా వచ్చింది. తూగు కుదిరింది గానీ చదివితే ఎక్కడో తేడా కొడుతోంది. ఇంకో సందేహం, "రష్యా సైనికులు" అనాలా, "సోవియట్ సైనికులు" అనాలా? ఫొటో కింద రెండు వరుసల చోటే ఉంది.

జవాబు:
తేడా కొట్టేది మూడు మాటల దగ్గరండి.

"అజ్ఞాతం" నిఘంటువు ప్రకారం తప్పు కాదు. కానీ మన పత్రికల్లో ఆ మాట దశాబ్దాలుగా చేస్తున్న పని వేరు. ఎవరైనా "అజ్ఞాతంలోకి వెళ్లారు" అంటే పోలీసులకు దొరక్కుండా తిరుగుతున్నారని. అందుకే "అజ్ఞాత సైనికుడు" అనగానే దాక్కున్నవాడు గుర్తొస్తాడు. "పేరు తెలియని సైనికుడు" అనండి, పొడుగైనా సరే.

"ఘనకార్యం" మరీ ప్రమాదం. "ఏం ఘనకార్యం వెలగబెట్టావని" అనే వాడుక ఆ మాటను ఎప్పుడో మింగేసింది. సమాధి మీద వెటకారం పలుకుతుంది.

"అమరం" దగ్గర చిక్కు సన్నగా ఉంటుంది. రష్యన్ మాట "బెస్‌స్మేర్తెన్"లో "బెస్" అంటే లేని, "స్మేర్త్" అంటే చావు. అక్షరాలా మన "అ-మర". అయితే తెలుగులో "అమరులయ్యారు" అంటే చనిపోయారనే అర్థం. "నీ సాహసం అమరమైంది" అని ఎవరైనా క్రియ తగిలించారంటే సాహసం కూడా పోయిందన్నట్టు ఉంటుంది. "మరణం లేదు" అని విప్పి చెబితే ఆ గొడవ ఉండదు.

దాని కింద ఒకరి వ్యాఖ్య:
అజ్ఞాత వద్దనడానికి ఇంకో కారణం కూడా ఉందండి. ఆ సైనికుడు పేరు దాచుకోలేదు, పేరు రాసిన కాగితమే మిగల్లేదు. 1941 మార్చి ఉత్తర్వు ప్రకారం ఎర్రసైన్యంలో (సోవియట్ సైన్యంలో) ఒక్కొక్కరికీ మరమూత ఉన్న చిన్న ఎబొనైట్ (గట్టి రబ్బరు) గొట్టం ఇచ్చేవారు. లోపల రెండు కాగితాలు, రెంటిలోనూ అవే వివరాలు. మనిషి పోతే ఒకటి ఖననం చేసే బృందం తీసుకోవాలి, రెండోది శరీరంతోనే ఉంచాలి. ఆచరణలో ఇది చాలాచోట్ల విఫలమైంది. కాగితం నింపితే చావు ఖాయమని నమ్మి చాలామంది ఖాళీగా వదిలేశారు. మూత సరిగ్గా బిగించకపోతే నీరు దిగి రాత చెరిగిపోయేది. 1942 నవంబరులో ఆ గొట్టాలనే రద్దు చేశారు, ఆ తర్వాత గుర్తింపుకు సైనికుడి చిన్న పుస్తకమే ఆధారం. తడిసిన పుస్తకం మట్టిలో ఎన్నాళ్లుంటుంది?

అలెగ్జాండర్ తోటలో ఉన్న అవశేషాలు మాస్కో దగ్గర లెనిన్‌గ్రాద్ రహదారి 41వ కిలోమీటరు వద్ద ఉన్న సామూహిక సమాధి నుంచి తెచ్చినవి. తెచ్చింది 1966 డిసెంబరు 3న, మాస్కో యుద్ధంలో జర్మన్ల ఓటమికి 25 ఏళ్లయిన సందర్భంలో. స్మారకం తెరిచింది 1967 మే 8న.

మరో సభ్యుడు:
ముసాయిదాలో "ఘనకార్యం" అయిన రష్యన్ మాట "పోద్విగ్" సంగతి ఎవరూ ఎత్తలేదు. మనవాళ్లు చటుక్కున "త్యాగం" రాసేస్తారు. త్యాగానికి రష్యన్‌లో వేరే మాట ఉంది. పోద్విగ్ అంటే మామూలు మనిషి తన శక్తికి మించి చేసిన పని. అది గుణం కాదు, పని. కాబట్టి పరాక్రమం, శౌర్యం, తెగువ అతకవు, అవన్నీ గుణాలు. "సాహసం" పని అవుతుంది గానీ ఇప్పుడు బైకు విన్యాసాలకూ అదే మాట. నాకు మిగిలింది "వీరకృత్యం". కాస్త పుస్తకాల వాసన ఉంది, రాతి మీద మాటకు ఆ మాత్రం ఉండొచ్చు.

"నీ" విషయంలో రాజీ పడకండి. గౌరవమని "మీ" చేస్తారు, అక్కడే చెడుతుంది. రష్యన్ వాక్యపు తొలి ముసాయిదాలోనే "అతని పేరు, అతని వీరకృత్యం" అని ఉండేది. దాన్ని "నీ"గా మార్చాకే ఆ వాక్యం అతని గురించి చెప్పడం మాని అతనితో మాట్లాడింది. తెలుగులో దేవుణ్ణీ, చనిపోయిన ఆప్తుణ్ణీ నువ్వనే పిలుస్తాం. "మీ" అంటే సన్మానపత్రం అయిపోతుంది.

అలాగే "నీ పేరు ఎవరికీ తెలియదు" అనొద్దు. తల్లికి తెలుసు కదా.

అడిగినవారు:
చాలా ఉపయోగం. రష్యా, సోవియట్ సంగతి?

జవాబు:
సోవియట్ అనే రాయండి, ఇందులో రెండో మాట లేదు. యుద్ధంలో సోవియట్ దేశం పోగొట్టుకున్నది దాదాపు 2 కోట్ల 66 లక్షల మందిని. అందులో సైనిక నష్టం అధికారిక లెక్కలో 87 లక్షల దాకా. వారిలో రష్యన్లతో పాటు ఉక్రెయిన్, బెలారుస్, కజాఖ్‌స్తాన్, జార్జియా, ఉజ్బెకిస్తాన్ వాళ్లూ ఉన్నారు. బెర్లిన్‌లోని పార్లమెంటు భవనం రైఖ్‌స్టాగ్ మీద జెండాతో పేరొచ్చిన ఇద్దరిలో యెగోరొవ్ రష్యన్, కంతారియా జార్జియన్. "రష్యా సైనికులు" అని రాస్తే మిగతావాళ్లను ఇవాళ్టి ఒక ప్రభుత్వానికి రాసిచ్చినట్టే. 2022లో ఉక్రెయిన్ మీద రష్యా దాడి తర్వాత ఇది కేవలం భాషా దోషం కాదు.

దీనికి తలకిందుల తప్పు కూడా ఉంది. ఆష్విట్జ్ నాజీ శిబిరాన్ని 1945 జనవరి 27న విడిపించింది 1వ ఉక్రెయిన్ ఫ్రంట్ దళాలు. దాన్ని పట్టుకుని 2015లో పోలెండ్ విదేశాంగ మంత్రి ఉక్రేనియన్లు విడిపించారన్నట్టు మాట్లాడితే పెద్ద రభస అయింది. ఆ ఫ్రంట్ పేరు యుద్ధం సాగిన దిక్కును బట్టి పెట్టింది, సైనికుల జాతిని బట్టి కాదు. పైగా తెలుగు పాఠకుడికి ఫ్రంట్ అంటే పార్టీల కూటమి. "1వ ఉక్రెయిన్ ఫ్రంట్ అనే సోవియట్ సేనా సమూహం" అని ఒకసారి విప్పండి.

ప్రదర్శనలో ఇతర దేశాల ఫొటోలుంటే క్రియలు చూసుకోండి. ఎస్టోనియా రాజధాని టాలిన్‌లోని కంచు సైనికుడి విగ్రహాన్ని 2007 ఏప్రిల్‌లో సైనిక శ్మశానానికి తరలించారు, కింద ఉన్న అవశేషాలను తవ్వి తీశారు. లాత్వియా రాజధాని రీగాలోని 79 మీటర్ల సోవియట్ విజయ స్తంభాన్ని 2022 ఆగస్టు 25న పడగొట్టారు, దాని కింద సమాధులు లేవు. మొదటిదానికి "కూల్చారు", రెండోదానికి "సమాధులు కూల్చారు" అని రాయడం రెండూ అబద్ధాలే. బెర్లిన్ ట్రెప్టో పార్కులోని సోవియట్ స్మారకం వేరు. అది దాదాపు 7 వేల మంది సైనికులు ఉన్న శ్మశానం, 1990 ఒప్పందం ప్రకారం దాని సంరక్షణ జర్మనీ బాధ్యత. మే 8, 9 తేదీల్లో అక్కడ రష్యా, సోవియట్ జెండాల మీద పోలీసులు ఆంక్షలు పెట్టినా స్మారకం చెక్కుచెదరలేదు.

ఇంకొకరు:
చిన్న మాట. "విజయ దినోత్సవం" అని ఒట్టిగా రాస్తే మనవాళ్లకు డిసెంబరు 16, లేదంటే కార్గిల్ గుర్తొస్తుంది. "మే 9 విజయ దినం" అనండి. తేదీ తప్పనిసరి, ఎందుకంటే లొంగుబాటు పత్రం అమల్లోకి వచ్చేసరికి బెర్లిన్‌లో ఇంకా మే 8 రాత్రి, మాస్కోలో మే 9 వచ్చేసింది. ఉక్రెయిన్ 2023లో చట్టం మార్చి ఆ దినాన్ని మే 8కి మార్చుకుంది, అంటే ఇప్పుడు తేదీ కూడా ఒక పక్షం.

యుద్ధంలో పోరాడిన తమవారి ఫొటోలు పట్టుకుని జనం నడిచే "బెస్‌స్మేర్త్‌నీ పోల్క్"ను "అమర దళం" అని మాత్రం రాయకండి. తెలుగునాట దళం అంటే అడవి. "అమర రెజిమెంట్" చాలు. ఆ నడక 2012లో తోమ్‌స్క్‌లో స్థానిక పాత్రికేయులు మొదలుపెట్టింది, తర్వాత ప్రభుత్వం చేతికి వచ్చింది. ఈ హడావుడిని తిట్టేవాళ్లు "పొబెదొబేసియె" అంటారు. "బేస్" అంటే దయ్యం. విజయోన్మాదం కంటే "విజయపు పూనకం" దగ్గరగా ఉంటుంది.

అడిగినవారు:
చివరికి ఇలా పెడుతున్నాం:
"నీ పేరు తెలియదు,
నీ వీరకృత్యానికి మరణం లేదు."
ఎడమ గోడ మీది "పావ్షిమ్ జా రోదిను"కు "జన్మభూమి కోసం నేలకొరిగినవారికి". రోదినలో "పుట్టుక" ఉంది కాబట్టి మాతృభూమి వద్దనుకున్నాం. జన్మభూమి అంటే ప్రభుత్వ పథకం, రైలు గుర్తొస్తాయేమో గానీ తప్పదు.

జవాబు:
బాగుందండి. గోడ మీద ఆ మాటకు ఒక పక్క 1941, మరో పక్క 1945 ఉంటాయి. కొందరు సంపాదకులు దాన్ని "సరిదిద్ది" 1939 చేస్తారు. చేయనివ్వకండి. ఆ గోడ చెప్పే యుద్ధం 1941 జూన్ 22న మొదలైంది. 1939 వేస్తే సెప్టెంబరు 17న పోలెండ్‌లోకి ఎర్రసైన్యం దిగడం కూడా అందులోకి వస్తుంది. ఆ చర్చకు వేరే ఫలకం కావాలి, ఈ రెండు వరుసల్లో చోటు చాలదు.