సోమవారం రాత్రి పస్తు: శాస్త్రి గారు అడగదగిన త్యాగమేనా?

కృష్ణాతీరం:
1965లో ఓ పక్క పాకిస్తాన్‌తో యుద్ధం, ఇంకో పక్క వానల్లేవు. పీఎల్-480 అనే ఆహార సాయం కింద వచ్చే గోధుమలను అమెరికా అధ్యక్షుడు జాన్సన్ కొద్దికొద్దిగా బిగబట్టి వదులుతున్నాడు. అప్పుడే లాల్ బహదూర్ శాస్త్రి సోమవారం రాత్రి భోజనం మానమని దేశాన్ని అడిగారు. హోటళ్లు కూడా ఆ పూట మూసేశారు. ముందు తన ఇంట్లో మాన్పించాకే ఊరికి చెప్పిన మనిషి. ఆ పిలుపు సరైనదేనంటాను.

పాలమూరు పిల్ల:
ఆయన నిజాయితీ మీద పేచీ లేదండీ. ఎవర్ని అడిగారన్నదే నా బాధ. మా నాయనమ్మ కూలి దొరికిన రోజు జొన్న గటక కాచేది. దొరకని రోజు పిల్లలకు గంజి పోసి, తాను నీళ్లు తాగి పడుకునేది. ఆ ఇంట్లో మానడానికి రాత్రి కూడు ఏది?

లెక్కల మాస్టారు:
తిండిగింజలు 1964-65లో 8.9 కోట్ల టన్నులు, మరుసటి ఏడు 7.2 కోట్లు. రోజుకు రెండు పూటల చొప్పున వారానికి 14 పూటలు. ఒకటి మానితే 7 శాతం. దేశం మొత్తం మానినా మిగిలేది 50 లక్షల టన్నులు. పడిపోయింది 1.7 కోట్లు.

కృష్ణాతీరం:
మాస్టారూ, ఆ పంట లెక్కలు తేలింది తర్వాత. తిండి ఆపి మన మెడలు వంచలేరని బయటివాళ్లకు తెలియాలి కదా. పైగా ఉన్నవాళ్లూ ఇచ్చారు. నిజాం 5 టన్నుల బంగారం దానం చేశాడు.

చార్మినార్ చౌరస్తా:
అది పుకారు అన్నా. ఆర్టీఐ జవాబులో తేలింది 425 కిలోలే. దానం కూడా కాదు, జాతీయ రక్షణ బంగారు పథకంలో 6.5 శాతం వడ్డీకి పెట్టింది.

పాలమూరు పిల్ల:
బంగారానికి వడ్డీ ఇచ్చిన దేశం, అన్నం మానినవాళ్లకు ఏమిచ్చింది? గాదెల్లో దాచినవాళ్ల ధాన్యం బయటికి లాగి, ఊరూరా రేషన్ తూచి ఇచ్చాక అడిగి ఉంటే మా నాయనమ్మా మానేది.

కృష్ణాతీరం:
గాదెల మాట నిజమేనమ్మా. కానీ ఆకలికి అసలు మందు వెతికిందీ ఆ ప్రభుత్వమే. సి. సుబ్రమణ్యాన్ని వ్యవసాయ మంత్రిగా పెట్టింది శాస్త్రి గారే. 1966లో మెక్సికో నుంచి 18,000 టన్నుల గోధుమ విత్తనం వచ్చింది. ఆ పంట చేతికొచ్చేదాకా జనాన్ని ఏదో ఒకటి అడగక తప్పదు.

పాలమూరు పిల్ల:
అడగండి. రెండు పూటలా తినేవాళ్లను పేరు పెట్టి అడగండి.