రోమా 16:1: ఫీబే ‘పరిచారకురాలు’ అంటే పనిమనిషా, డీకనా?

కాజీపేట ఫాతిమా నగర్ నుంచి అడుగుతున్నాను. రోమా పత్రికలో పౌలు ప్రస్తావించిన ఫీబే అనే స్త్రీని బైబిల్ సొసైటీ పాత తెలుగు అనువాదంలో ‘సంఘ పరిచారకురాలు’ అన్నారు. కొన్ని ఇంగ్లిష్ బైబిళ్లలో డీకన్ (ఇవాళ్టి లెక్కన ఫాదర్ కింది మెట్టు పట్టం) అని ఉంది. మనవాళ్లు కావాలనే తగ్గించి రాశారా?

— తగ్గించలేదండీ. గ్రీకులో ఉన్న మాట ‘డియాకొనోస్’. ఫిలిప్పీ 1:1లో అధ్యక్షుల (బిషప్పుల) పక్కన వచ్చేదీ అదే. అక్కడ ‘పరిచారకులు’ అన్నారు, ఇక్కడ ‘పరిచారకురాలు’ అన్నారు. 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిల్లో అయితే ఫిలిప్పీ వాళ్లేమో డీకన్లు, ఫీబే మాత్రం సర్వెంట్! ఆ లెక్కన మనవాళ్లే నయం. చిక్కంతా మన చెవులతోనే. పౌరాణిక సినిమాలు చూసీ చూసీ, పరిచారిక అనగానే వింజామర పట్టుకుని నిలబడ్డ అమ్మాయే గుర్తొస్తుంది.

అసలు తగ్గింది పక్క వచనంలో. పౌలు ఆమెను ‘ప్రోస్టాటిస్’ అన్నాడు. అంటే డబ్బూ పలుకుబడీ ఉండి పదిమందికి అండగా నిలబడే మనిషి, పోషకురాలు. తెలుగులో అది ‘సహాయురాలు’ అయి కూర్చుంది. దీని గురించి ఒక్కరూ అడగరు.

— అంటే ఆడవాళ్లకు గురుపట్టం (ఫాదర్ అయ్యే పట్టం) ఇవ్వొచ్చనేనా మీరనేది?

— ఈ ఒక్క మాటతో అది తేలదు. మొదటి శతాబ్దపు డియాకొనోస్, ఇవాళ్టి డీకన్ పట్టం ఒకటేనని మగవాళ్ల విషయంలో కూడా గట్టిగా అనలేం. 451లో కాల్సెడన్‌లో జరిగిన బిషప్పుల మహాసభ, 40 ఏళ్లు నిండని స్త్రీని డీకనెస్‌గా నియమించవద్దంది. అంటే ఆ హోదా ఉండేదన్నమాట. అది పూర్తి పట్టమా, వేరే రకం ఆశీర్వాదమా అన్న దగ్గరే పేచీ. పోప్ ఫ్రాన్సిస్ 2016లో ఒకటి, 2020లో ఇంకొకటి కమిషన్లు వేసింది దీని మీదే. గురుపట్టం వేరే సంగతి. స్త్రీలకు దాన్నిచ్చే అధికారం తిరుసభకు (కాథలిక్ చర్చికి) లేదని 1994లో పోప్ రెండో జాన్ పాల్ రాసేశారు. తిరుసభ చట్టం 1024 కూడా జ్ఞానస్నానం పొందిన పురుషుడికే పట్టం అంటుంది.

ఈలోగా 2021లో ఉపదేశి (విశ్వాస పాఠాలు నేర్పేవారు) సేవకు పోప్ ఫ్రాన్సిస్ అధికారిక హోదా ఇచ్చారు, అది స్త్రీలకూ వర్తిస్తుంది. ‘ఉపదేశి’కి ‘రాలు’ తగిలించే పని కూడా లేదు. ఫాదర్ గారు రాని ఆదివారం మీ వాడకట్టులో ఓ ఆడమనిషే ప్రార్థన నడిపిస్తే ఆమెను ఏమని పిలుస్తారు, ఉపదేశి అనేనా?