ఉచిత న్యాయ సేవ: గంటలు ఇస్తే చాలా, కేసు చివరిదాకా నడపాలా?

సాగర్‌నగర్ వాసి:
మన విశాఖలో ఒక లా ఫర్మ్ వాళ్ళు, తమ లాయర్లు ఒక్కొక్కరు ఏడాదికి ఇన్ని గంటలు పేదల కేసులకు ఫీజు లేకుండా పనిచేస్తారని మాటిచ్చారు. మంచిదే. నా అభ్యంతరం ఆ గంటల లెక్క మీదే. పేదవాడి కేసు నడిచేది వాయిదాల్లో. గంటలు అయిపోయాక పడే వాయిదాకి ఎవరొస్తారు? ‘ఇన్ని కేసులు తీసుకుంటాం, తీర్పు దాకా మేమే చూస్తాం’ అని మాటివ్వాలంటాను. మీరేమంటారు?

రిటైర్డ్ బెంచ్ క్లర్క్:
అసలు ప్రైవేటు వాళ్ళ దయ దేనికండీ? పేదలకు ఉచిత న్యాయ సహాయం అందించాలని 1976లోనే రాజ్యాంగంలో 39ఎ అధికరణం చేర్చారు. దాని కోసం 1987లో న్యాయసేవాధికార సంస్థల చట్టం చేశారు, 1995 నవంబర్ 9 నుంచి అమల్లోకి వచ్చింది. ఆడవాళ్ళు, పిల్లలు, ఎస్సీ ఎస్టీలు, దివ్యాంగులు, కస్టడీలో ఉన్నవాళ్ళు, వీళ్ళెవరికీ ఉచిత లాయరుని పొందడానికి ఆదాయంతో పనిలేదు. పారిశ్రామిక ప్రమాద బాధితులకూ అంతే. 2020 మే 7న ఎల్జీ పాలిమర్స్ గ్యాస్ లీకైనప్పుడు వెంకటాపురంలో ఎంతమందికి ఈ సంగతి తెలుసు? న్యాయ సహాయ హెల్ప్‌లైన్ 15100కి ఫోన్ చేయొచ్చనైనా తెలుసా? ముందు జిల్లా న్యాయసేవాధికార సంస్థని వాడుకోవడం జనానికి నేర్పండి.

పెందుర్తి గృహిణి:
బాబాయ్ గారూ, నేను వాడుకున్నాను. మనోవర్తి కేసు. నాకు ముగ్గురు లాయర్లు మారారు. మారినప్పుడల్లా పెళ్ళినాటి నుంచి మళ్ళీ మొదలుపెట్టి చెప్పాలి. మూడో ఆయన కోర్టు వరండాలో నిలబడి, కట్ట విప్పుతూ, ‘మీ ఆయన జీతం స్లిప్ ఏదమ్మా?’ అన్నారు. అది మొదటి ఆయనకే ఇచ్చాను. జిరాక్స్ కూడా ఉంచుకోలేదు, అది నా తప్పే. అవతల ఆయన పక్కన మాత్రం మొదటి రోజు నుంచీ ఒకే ప్లీడరు. ఎవరినీ తిట్టడానికి చెప్పట్లేదు. ఫీజు లేకపోవడం కన్నా నా కేసు తెలిసిన మనిషి ఒకరు ఉండటం నాకు ముఖ్యం.

జూనియర్ అడ్వకేట్:
అక్కా, మీరు చెప్పింది క్రిమినల్ కేసుల్లో ఇంకా ప్రమాదం. ఏజెన్సీ నుంచి గంజాయి కేసుల్లో వచ్చే గిరిజనుల సంగతే చూడండి. 20 కిలోలు దాటితే చట్టం దృష్టిలో కమర్షియల్ క్వాంటిటీ, అంటే వ్యాపార స్థాయి సరుకు, మామూలుగా బెయిల్ రావడం చాలా కష్టం. 180 రోజుల్లో చార్జిషీటు పడకపోతే, కోర్టు గడువు పెంచకపోతే, బెయిల్ హక్కుగా వస్తుంది. కానీ అడగాలి. చార్జిషీటు పడ్డాక అడిగితే ఆ హక్కు పోయినట్టే. అంటే ఎవరో ఒకరు రిమాండ్ తేదీ నుంచి రోజులు లెక్కపెట్టుకుంటూ కూర్చోవాలి. నా డైరీలో అలాంటి తేదీలకి ఎర్ర ఇంకుతో గీత గీస్తాను. ఏడాదికి ఇన్ని గంటలంటే ఆ గీత ఎవరి డైరీలో ఉంటుంది? బెయిల్ వచ్చినా జామీనుదారులు దొరకాలి. పాడేరు అవతలి నుంచి ఇద్దరిని ఎవరు తీసుకొస్తారు, బస్సు చార్జీలు ఎవరిస్తారు?

కార్పొరేట్ లాయర్:
నేను ఫర్మ్‌లోనే పనిచేస్తాను కాబట్టి మా వైపు కూడా వినండి. గంటల లెక్క లేకపోతే మా దగ్గర ఉచిత పని ఎప్పుడూ రేపటికే. క్లయింట్ ఫోన్ చేయగానే పేదవాడి ఫైలు పక్కకి పోతుంది. గంటలు రాసి అడిగితేనే సీనియర్లు కదులుతారు. పేదలకు సాయపడటం లాయరు బాధ్యతని బార్ కౌన్సిల్ నియమాల్లోనూ ఉంది, కానీ ఎవరూ అడగట్లేదు కదా. ఇంకోటి, మాలో చాలామంది ఒప్పందాలు రాసేవాళ్ళు. సెషన్స్ కోర్టులో క్రాస్ ఎగ్జామినేషన్ మేం చేస్తే ముద్దాయికే నష్టం.

రిటైర్డ్ బెంచ్ క్లర్క్:
ఈ మాట నిజాయితీగా ఉంది. నేర్చుకోవడానికి పేదవాడి కేసు దొరికిందా అని అడగాల్సిన పని తప్పించారు.

సాగర్‌నగర్ వాసి:
లాయరు గారూ, గంటల వల్ల సీనియర్లు కదులుతారన్నది ఒప్పుకుంటాను, అది నాకు తట్టలేదు. గంటలు ఉండనివ్వండి. కానీ నాకు రెండు కావాలి. వకాలతు మీద సంతకం పెట్టిన లాయరు మారాల్సి వస్తే, కొత్తాయన పాతాయనతో కూర్చుని కట్టంతా చూసుకున్నాకే కోర్టుకి రావాలి. ఆవిడ మళ్ళీ వరండాలో కథ చెప్పుకోకూడదు. రెండోది ఖర్చులు. సర్టిఫైడ్ కాపీలు, జామీనుదారుల చార్జీలు ఫర్మే పెట్టుకోవాలి. కోర్టులో వాదించడం రానివాళ్ళు ఆ గంటల బదులు ఈ డబ్బు ఇవ్వచ్చు, నేను తప్పుపట్టను.

పెందుర్తి గృహిణి:
ఆ ఫర్మ్ ఆఫీసుకి వెళ్ళేటప్పుడు చెప్పండి, నా కట్ట తీసుకుని నేనూ వస్తాను. వచ్చే వాయిదా లోపల అయితే మంచిది.