కొత్తగా నాటిన హైడ్రేంజియాలు మధ్యాహ్నానికి వాడిపోతున్నాయి: నీళ్లు పెంచాలా, తగ్గించాలా?

పెరటిపూలు (ఎడిసన్, న్యూజెర్సీ):

అందరికీ నమస్కారం. మే నెల చివరి వారంలో మా ఇంటి ముందు మూడు హైడ్రేంజియా మొక్కలు (పెద్ద గుత్తులుగా పూసే పూలపొదలు) నాటాము. చీటీ మీద మ్యాక్రోఫిల్లా రకమని ఉంది. రెండింటిని తూర్పు గోడ వెంట, ఒకదానిని పడమటి వైపు సిమెంటు మెట్ల పక్కన పెట్టాము. మాది బంకమట్టి నేల. వారం రోజులుగా ఎండ 90 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటుతుండడంతో ఒంటిగంటకల్లా మూడు మొక్కల ఆకులూ వేలాడిపోతున్నాయి. చూడలేక ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి నీళ్లు పోస్తున్నాను. అయినా అడుగు ఆకులు పసుపు రంగుకు తిరుగుతున్నాయి. నీలం పూలని కొన్న మొక్కల్లో మెట్ల పక్కనున్నది గులాబీ రంగులోకి మారుతోంది. శీతాకాలానికి ముందు మల్లె పాదుకు చేసినట్లే ఆకులు దూసి, కొమ్మలు కత్తిరిస్తే వచ్చే ఏడాది విరగబూస్తుందని మా అత్తగారు అంటున్నారు. అనుభవం ఉన్నవారు దారి చూపగలరు.

మట్టివాసన:

నమస్కారమండి. మధ్యాహ్నం ఆకులు వాలినంత మాత్రాన మొక్కకు నీళ్లు చాలలేదని అనుకోనక్కరలేదు. హైడ్రేంజియా ఆకులు వెడల్పైనవి, పలుచనివి. మండుటెండలో ఆకుల నుంచి ఆవిరైపోయే నీటిని, నేల నిండా తడి ఉన్నా సరే, నాటి నెల కూడా కాని వేళ్లు అంత వేగంగా అందించలేవు. పొద్దు వాలాక ఆకులు మళ్లీ నిలబడితే ఆ మొక్కకు ప్రమాదమేమీ లేదు. తెల్లవారి కూడా వాలి ఉంటేనే ఆలోచించాలి.

అప్పుడైనా నీళ్లు పోసే ముందు వేలితో మట్టిని రెండు చోట్ల పరీక్షించండి: కాండానికి దగ్గరగా, కుండీ నుంచి వచ్చిన మట్టిగడ్డలో ఒకసారి, జానెడు దూరంలో మీ నేలలో ఒకసారి. నర్సరీవాళ్లు వాడేది పీట్ (చిత్తడి నేలల్లో చివికిన నాచు), బెరడు పొడి కలిపిన తేలికైన మిశ్రమం కాబట్టి, చుట్టూ ఉన్న బంకమట్టి చిత్తడిగా ఉన్నా ఈ గడ్డ లోపల పొడిబారి ఉండవచ్చు. అందుకు భిన్నంగా, గట్టి బంకమట్టిలో తవ్విన గుంట తొట్టిలా నీటిని పట్టి ఉంచడం వల్ల గడ్డ అడుగున వేళ్లు ఊపిరాడక కుళ్లడమూ జరుగుతుంది. మీరు రోజుకు రెండుసార్లు పోస్తున్నారు, అడుగు ఆకులు పండుతున్నాయి. ఈ రెండూ కలిపి చూస్తే నాకు నీరు నిలిచి వేళ్లు కుళ్లడమే అనుమానంగా ఉంది.

రెండు అంగుళాల లోతున వేలికి తడి తగిలితే ఆ రోజు నీళ్లు మానేయండి. ఆరినట్లనిపిస్తే ఉదయం పూట, ఆకుల మీద పడకుండా, సన్నని ధారతో మొక్క మొదలు దగ్గర నెమ్మదిగా లోతుకు ఇంకేలా పెట్టండి. పైపైన రోజూ తడిపితే వేళ్లు పైనే ఉండిపోయి, ఎండలు ముదిరినప్పుడు మొదట దెబ్బతింటాయి. బెరడు ముక్కలు రెండు మూడు అంగుళాల మందాన పరిచి, కాండం చుట్టూ నాలుగు వేళ్ల ఖాళీ వదలండి. కుండీలో మట్టి ఏ మట్టం వరకు ఉండేదో ఇప్పుడూ అంతే ఉందో లేదో చూడండి. లోతుగా పాతుకుపోతే కొద్దిగా పైకి లేపి సర్దాలి. ఈ వేసవికి ఎరువు జోలికి పోవద్దు. నత్రజని ఎక్కువైతే పూలు తగ్గి ఆకులే పెరుగుతాయి.

పడమటి మొక్క స్థలం మాత్రం సరైనది కాదు. ఉదయపు ఎండ, మధ్యాహ్నపు నీడ ఈ రకానికి ప్రాణం. ఇప్పుడు కదపకుండా పాత దుప్పటితోనైనా మధ్యాహ్నం నీడ కట్టి, ఆకులు రాలాక తూర్పు వైపుకు మార్చండి.

నీలగిరివాసి (కూనూరు):

రంగు విషయం నేను చెబుతాను. మా వైపు రోడ్ల వెంట కూడా హైడ్రేంజియాలు ఎవరూ ఏమీ చేయకుండానే నీలంగా పూస్తాయి. కారణం ఇక్కడి ఆమ్ల నేలే. పీహెచ్ (నేల ఆమ్లాన్ని కొలిచే అంకె, ఎంత తగ్గితే అంత ఆమ్లం) 5.5 కంటే తక్కువగా ఉన్నప్పుడు మట్టిలోని అల్యూమినియం కరిగి వేళ్లకు అందుతుంది, దానితో పూలకు నీలం వస్తుంది. 6 దాటితే అల్యూమినియం అందక గులాబీ రంగు నిలుస్తుంది. సిమెంటు మెట్ల నుంచి సున్నం కొద్దికొద్దిగా దిగి మట్టిలో ఆమ్లం తగ్గడం వల్లనే మీ మొక్క మారుతున్నదని నా అభిప్రాయం. తెల్ల పూల రకాలు మాత్రం ఏ మట్టిలో పెట్టినా నీలం కావు.

పటిక నీళ్లు పోయమని చాలామంది చెబుతారు. పని చేస్తుంది, కానీ మోతాదు మించితే లేత వేళ్లు మాడిపోతాయి కాబట్టి మొదటి ఏడాది వద్దు. ముందు మట్టి పరీక్ష చేయించండి. ఎముకల పొడి కూడా వేయకండి; అందులోని భాస్వరం అల్యూమినియాన్ని పట్టేసి నీలానికి అడ్డుపడుతుంది.

తూర్పుతీరం (న్యూజెర్సీ):

మట్టి పరీక్ష రట్గర్స్ విశ్వవిద్యాలయం ప్రయోగశాలలోనే చేయించుకోవచ్చు.

కత్తిరింపు గురించి దయచేసి తొందరపడకండి. మీ అత్తగారి మాట మల్లె విషయంలో అక్షరాలా నిజం. మల్లె కొత్త చిగుళ్ల మీద పూస్తుంది కనుక కత్తిరించే కొద్దీ పూలు. మ్యాక్రోఫిల్లా ఆగస్టు, సెప్టెంబరు నాటికే వచ్చే ఏడాది పూమొగ్గలను ఈ ఏటి కొమ్మల్లో దాచుకుంటుంది. శీతాకాలానికి ముందు కొమ్మ కోస్తే పూలనే కోసినట్లవుతుంది. నేను మొదటి ఏడాది నవంబరులో మోకాలెత్తుకు కత్తిరించాను. మరుసటి వేసవిలో ఆకులు తప్ప ఒక్క పూగుత్తి కూడా రాలేదు. అప్పటి బాధ ఇంకా మరువలేదు కనుక ఇంతగా చెబుతున్నాను. ఎండిన గుత్తులను కూడా చెట్టుకే వదిలి, వసంతంలో చిగురు కనబడ్డాక ఎండిపోయిన పుల్లలను మాత్రం తీయండి. పానిక్యులేటా, ఆర్బొరెసెన్స్ రకాలైతే కొత్త కొమ్మల మీద పూస్తాయి కనుక వాటి లెక్క వేరు.

చలి విషయంలో జనవరి కంటే ఏప్రిల్‌నే ఎక్కువ భయపడాలి. మొగ్గ పగిలాక ఒక్క రాత్రి గడ్డకట్టే చలి వచ్చినా ఆ ఏటి పూలు పోతాయి. అటువంటి రాత్రి దుప్పటి కప్పి, తెల్లవారగానే తీసేయండి. మీ వైపు జింకలు తిరుగుతుంటే శీతాకాలమంతా వల కట్టడం తప్పనిసరి, అవి మొగ్గలున్న కొమ్మ చివర్లనే కొరుకుతాయి.

పెరటిపూలు:

అందరికీ కృతజ్ఞతలు. ఈ ఉదయం వేలు పెట్టి చూశాను. తూర్పు మొక్కల దగ్గర గడ్డ, నేల రెండూ బురదగానే ఉన్నాయి. ఆకులు తెల్లవారేసరికి నిటారుగా నిలబడ్డాయి కూడా. అంటే తప్పు నా నీళ్లదే. మెట్ల పక్కన మాత్రం నేల తడిగా ఉండి, గడ్డ నడుమ పొడిగా ఉంది. దానికి గొట్టం సన్నగా వదిలి పావుగంట ఉంచాను. మీ మాటలు మా అత్తగారికి చదివి వినిపించాను. కత్తెర లోపల పెట్టేసి, నీడకు కట్టడానికి ఆవిడే పాత చీర తెచ్చి ఇచ్చారు. మట్టి పరీక్ష ఫలితం వచ్చాక ఇక్కడే రాస్తాను.