‘పాత్ర నప్పలేదు’, ‘పాత్ర పండలేదు’ ఒకటేనా?

ప్రశ్న: సమీక్షల్లో అందరం ‘మిస్‌కాస్టింగ్’ అని రాసేస్తున్నాం. దాని బదులు ‘పాత్ర పండలేదు’ అంటే సరిపోతుందా అండీ?

జవాబు: సరిపోదండీ. ‘పండలేదు’ అంటే నటుడు తన పని సరిగా చేయలేదని. ‘నప్పలేదు’ అంటే ఆ వేషం అతనికి ఇవ్వడమే పొరపాటని. చీర రంగు నప్పలేదన్నప్పుడు చీరనీ అనం, కట్టుకున్న మనిషినీ అనం, ఎంపికనే అంటాం. ఇంత చక్కని మాట ఉండగా ‘అనుచిత పాత్ర నియామకం’ లాంటివి పుట్టించడం దేనికి?

1938లో హాలీవుడ్ సంస్థ ఎంజీఎం తీసిన ‘ది గర్ల్ ఆఫ్ ది గోల్డెన్ వెస్ట్’ చూడండి. బంగారం వేట నాటి కాలిఫోర్నియా కథ. సెలూన్ (సారా దుకాణం) నడుపుకునే మేరీగా జెనెట్ మెక్‌డొనాల్డ్, మిలిటరీ అధికారినని చెప్పుకుని ఆమెకి దగ్గరైన బందిపోటు రమీరెజ్‌గా నెల్సన్ ఎడ్డీ. ఎడ్డీ ఒపెరాల్లో, అంటే పాటలతోనే నడిచే పాశ్చాత్య సంగీత నాటకాల్లో, పాడి వచ్చినవాడు, గొంతుకి వంక పెట్టలేం. కానీ ఆ మెక్సికన్ దుస్తుల్లో, తెచ్చిపెట్టుకున్న యాసతో మాట్లాడుతుంటే బందిపోటంటే నమ్మబుద్ధి కాదు. పెద్దింటి బుద్ధిమంతుడే కనిపిస్తాడు. రెండేళ్ల ముందు ‘రోజ్ మేరీ’లో కెనడా మౌంటెడ్ పోలీసు సార్జెంటుగా ఎర్రకోటు వేసుకుని నిటారుగా నిలబడి పాడినప్పుడు ఇదే మనిషి ఎంత బాగున్నాడో! అందుకే నేను ‘నప్పలేదు’ అంటాను.

ఇదే కథతో ఇటలీ సంగీతకర్త పుచ్చీని చేసిన ఒపెరాని 1910లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ ఒపెరా హౌస్‌లో మొదటిసారి ఆడినప్పుడు బందిపోటు పాత్ర పాడింది పేరుమోసిన గాయకుడు కరూసో. ఒపెరాలో గొంతు గెలిస్తే చాలావరకు వేషం గెలిచినట్టే. కెమెరా అలా ఊరుకోదు, మొహం దగ్గరికి వచ్చేస్తుంది.

మెక్‌డొనాల్డ్ సంగతి వేరు. మేరీ మోటుగా మాట్లాడే, పెద్దగా చదువుకోని పిల్ల. చర్చిలో ‘ఆవే మరియా’ అనే మేరీమాత ప్రార్థనాగీతం ఎత్తుకోగానే మాత్రం ఏళ్ల తరబడి చేసిన సాధన వినిపించేస్తుంది. అయితే ప్రియుడి ప్రాణం పణంగా పెట్టి షెరీఫ్‌తో పేకాడుతుంది చూడండి, ముక్కలు మార్చి మోసం చేసి మరీ గెలుస్తుంది. అక్కడ పాట లేదు, ఆ టెన్షనంతా ఆమె మొహంలోనే. నప్పని వేషం కూడా ఒక్కో సీనులో పండుతుందనడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు తెలీదు.

మరొకరు: బాగా చెప్పారు మాస్టారూ. ప్లేబ్యాక్ రాకముందు మన తొలి టాకీల్లోనూ అంతే కదా, ఎవరి పాట వాళ్లే పాడుకోవాలి. పద్యం పాడగలిగిన నాటకాలవాళ్లకే వేషాలు దక్కేవి. ఇంతకీ, ‘అతకలేదు’ని ఎక్కడ వాడాలంటారు?

జవాబు: అతకడానికి రెండు ఉండాలండీ. కథకి పాట అతకలేదు, హీరోకి హీరోయిన్ అతకలేదు అంటాం. ఈ సినిమాలో జోడీ అతకలేదని మాత్రం అనలేం. 1935లో ‘నాటీ మారియెటా’తో మొదలుపెడితే వాళ్లిద్దరూ కలిసి చేసిన నాలుగో సినిమా ఇది.