పాత మారుతి 800: రివర్స్ లైట్లు రెండూ వెలుగుతలేవు

ప్రశ్న (మిర్యాలగూడ):
2004 మోడల్ బండి. రివర్స్ వేస్తే వెనక తెల్ల లైట్లు వస్తలేవు. బల్బులు కొత్తవి, ఫ్యూజ్ మంచిగనే ఉంది. గేర్ రాడ్ గట్టిగ వెనక్కి పట్టుకుంటే ఒక్కోసారి వెలిగి ఆరిపోతున్నయి. వైరింగ్ మొత్తం మార్చాలె అంటున్నరు. అవసరమా అన్నా?

జవాబు (దేవరకొండ):
వైరింగ్ జోలికి ఇప్పుడే పోకు తమ్మీ. రెండూ ఒక్కసారే పోయినయంటే రెండింటికీ కలిసిన దారిలనే లోపం ఉంటది. రాడ్ పట్టుకుంటే వెలుగుతున్నయి కాబట్టి మొదటి అనుమానం గేర్‌బాక్స్‌కు బిగించిన రివర్స్ స్విచ్ మీదనే. పొలం బాటల తిరిగే బండ్లకు కింది నుంచి బురద నీళ్లు కొట్టి దాని కనెక్టర్ల పచ్చ చిలుము పడ్తది.

ఇంజన్ ఆపి, హ్యాండ్ బ్రేక్ వేసి, చక్రాలకు రాళ్లు పెట్టు. ఉట్టి జాకీ మీద లేపి కిందికి దూరొద్దు, స్టాండ్ ఉండాల్సిందే. స్విచ్ కనెక్టర్ ఊడదీసి, బండి వైపు ఉన్న రెండు పిన్నులను వైరు ముక్కతో కలిపి తాళం ఆన్‌ల పెట్టు. ఆ వైరు బాడీకి తగిలితే ఫ్యూజ్ కొట్టేస్తది, జాగ్రత్త. లైట్లు వెలిగితే స్విచ్ పోయినట్టే. వెలగకపోతే పిన్నులకు టెస్ట్ ల్యాంప్ (రెండు వైర్లు కట్టిన బల్బు, ఒక వైరు బాడీకి, ఇంకోటి పిన్నుకు) పెట్టు. ఒకదాంట్ల కరెంటు వస్తుంటే లోపం వెనక వైపు, అసలే రాకపోతే ఫ్యూజ్ వైపు.

జవాబు (మహబూబ్‌నగర్):
మల్టీమీటర్ ఒక్కదాన్నే నమ్మొద్దు. లోపల తెగి ఒక్క పోగు మిగిలిన వైరు గూడ మీటర్‌ల 12 వోల్టులు చూపిస్తది, లోడ్ పడంగనే చేతులెత్తేస్తది. ఈ బల్బు 21 వాట్లు, ఒక్కోటి దాదాపు 1.75 ఆంపియర్లు గుంజుతది. అందుకే టెస్ట్ ల్యాంప్‌కు గూడ 21 వాట్ల బల్బే కట్టాలె.

స్విచ్ విప్పేటప్పుడు కింద డబ్బా పెట్టు, గేర్ ఆయిల్ కారొచ్చు. వాషర్ కొత్తది వెయ్యి. గేర్‌బాక్స్ అల్యూమినియంది, పానాతో బలంగ గుంజితే మరలు కొట్టుకపోతయి.

ప్రశ్న (మిర్యాలగూడ):
పిన్నులు కలిపితే రెండూ వెలిగినయి. కాని ఎడమది ఎర్రగ, మసకగ ఉంది.

జవాబు (దేవరకొండ):
స్విచ్ మార్చు. ఎడమదానికి మొదట ఎడమ, కుడి బల్బులు అటుదిటు మార్చి చూడు, అక్కడ తక్కువ వాట్లది పడి ఉండొచ్చు. అప్పటికీ మసకనే ఉంటే ఎర్త్ (బల్బు నుంచి బాడీకి కరెంటు తిరిగిపోయే దారి) మీద అనుమానం. హోల్డర్ ఎర్త్ నుంచి గీకి శుభ్రం చేసిన బాడీ ఇనుముకు విడిగ ఒక వైరు పట్టు. వెలుగు పెరిగితే పాత ఎర్త్ బోల్టు విప్పి, తుప్పు, పెయింట్ గీకి, బిగించి పైన కొంచెం వాజిలిన్ పుయ్యి. పెరగకపోతే హోల్డర్ అడుగున ఉన్న కాంటాక్ట్‌ను సన్న గరుకు కాగితంతో రుద్దు, స్ప్రింగ్ మెత్తబడితే హోల్డరే మార్చు.