డాబా మీద మందు మొక్కలు బతుకుతలేవు, ఎవరన్న జర చెప్పుండ్రి

నల్గొండ_మిద్దె:

అందరికీ నమస్తే. మాది నల్గొండ టౌన్, కిరాయి ఇల్లు, డాబా వాడుకోండ్రి అన్నడు ఓనరు. ఇంట్ల అందరికీ ఏదో ఒకటి ఉంటనే ఉంటది, బాపుకు 12 ఏండ్ల సంది షుగర్, పెద్దోనికి నాలుగేండ్లు, చిన్నదానికి ఎనిమిది నెలలు, ఇద్దరికీ ముసురు పడితె సర్ది మొదలు. గందుకే ప్రతిదానికి మెడికల్ షాపుకు ఉరుకుడెందుకని పోయినేడాది 14 కుండీలు పెట్టిన. తులసి, ఓమాకు, కలబంద, సరస్వతి ఆకు, అడ్డసరం, పుదీన. అంతకు ముందేడు కూడ పెట్టిన, అవి కూడ పోయినయ్. ఉగాది దాటినంక ఆకుల అంచులు కాలినట్టు గోధుమ రంగుకొస్తయి, తర్వాత మొత్తం రాలిపోతది, కలబంద ఒక్కటే మిగిలింది అది కూడ ఎర్రగ ముడుచుకున్నది. ఎండకనుకుంట గని పక్కింటోళ్ళ డాబా మీద తులసి ఏపుగ ఉన్నది కదా అని డౌటు. నీళ్ళకు తక్కువేం లేదు, ఆర్వో మిషన్ నుంచి పోయే నీళ్ళు బకెట్ల పట్టి రెండు పూటల పోస్తున్న, మోరీల పోయే నీళ్ళు మొక్కలకు పోతున్నయి కదా మంచిదే అని. కుండీల అంచులకు తెల్లగ సున్నం లెక్క పడుతున్నది, అది ఏందో.

ఇంకోటి, పక్కింటి తాత తిప్పతీగ కషాయం చేసి బాపుకు రోజు పొద్దుగాల గ్లాసెడు ఇస్తడు, షుగర్ మొత్తం పోతదంట. ఆయన తీగనే ముక్క తెచ్చి నేను పెట్టుకుంటె నడుస్తదా? చిన్నదానికేమో ఓమాకు రసంల తేనె కలిపి నాకియ్యమంటున్నది మా అమ్మ. మిరుగు దగ్గరికొచ్చింది, మళ్ళ పెడుదామని చూస్తున్న.

పాలమూరు_నర్సరీ:

తమ్మీ నువ్వు ఎండను తిట్టుడు బంద్ చెయ్, మొక్కల్ని చంపింది నీ బకెట్. ఆ తెల్లది ఉప్పు. ఆర్వో మిషన్ ఏం చేస్తది, మంచినీళ్ళు ఒక పక్కకు, నీళ్ళల్ల ఉన్న ఉప్పు, ఫ్లోరైడ్ అంతా ఇంకో పక్కకు తోస్తది, ఆ ఇంకో పక్క నీళ్ళే నువ్వు పట్టి పోస్తున్నవ్. అంటె బోరుల ఉన్నదానికంటె చిక్కగున్నది మొక్కలకు పోతున్నది. మీ జిల్లా నీళ్ళ సంగతి నేను చెప్పాలనా, ఫ్లోరైడ్ తీసే పద్ధతికే నల్గొండ టెక్నిక్ అని పేరు పెట్టిన్రు, పటిక, సున్నం వేసి తేర్చేది, నాగపూర్‌ల ఉన్న నీరి అనే సర్కారు పరిశోధన సంస్థ వాళ్ళు తయారు చేసిన్రు. తాగే నీళ్ళల్ల లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటొద్దని లెక్క. అసుంటి బోరు నీళ్ళ ఆర్వో నీళ్ళు పోస్తె ఆకు అంచు కాలక ఏమైతది. అందుల నువ్వు పెట్టినవి తినే ఆకులాయె.

ఇప్పుడైతె పైన రెండు వేళ్ళ మందం మట్టి గీకి పారెయ్, తర్వాత సర్కారు మిషన్ భగీరథ నల్లా నీళ్ళు కుండీ నిండ పొయ్యి, కింది బొక్కల నుంచి కారనియ్యి, గట్ల మూడు నాలుగు సార్లు చెయ్యి, ఉప్పు కడుక్కపోతది. కొత్తగ పెట్టేదుంటె రెండు పాళ్ళు చెలక ఎర్రమట్టి, ఒక పాలు ఏడాది మాగిన పెంట ఎరువు, ఒక పాలు ఇసుక. పచ్చి పెంట వెయ్యకు, వేర్లు ఉడుకుతయి. రోహిణి కార్తెల రోళ్ళు పగులుతయంటరు గదా, డాబా బండ మీద కుండీ పెడితె కింది నుంచి కాలుతది, రెండు ఇటుకలు పెట్టి వాటి మీద పెట్టు, కుండీకి పాత గోనె సంచి చుట్టి తడిపి ఉంచు, 50 శాతం నీడనిచ్చే గ్రీన్ నెట్ కట్టు. తూర్పు పిట్టగోడ పక్కకు సదిరితె ఇంకా మంచిది.

దేవరకొండ_అక్క:

నర్సరీ అన్న చెప్పింది అక్షరాల నిజం, మా చెల్లె ఇంట్ల కూడ ఇదే కథ, గంజి నీళ్ళు పోసినా బతికినయ్ గని ఆర్వో నీళ్ళకు బతకలే.

ఏం పెట్టాలె అంటె ముందు ఓమాకు పెట్టు తమ్మీ, దానంత మొండిది లేదు, జానెడు కొమ్మ తుంపి మట్టిల గుచ్చితె వారం పది రోజులకు వేరు పడతది, నీళ్ళు ఎక్కువైతెనే కుళ్ళుతది. నిజం చెప్పాలంటె మా ఇంట్ల మందుకంటె బజ్జీలకే ఎక్కువ పోతది 😄 శెనగపిండిల ముంచి వేస్తుంటె మందు మొక్క అన్న ముచ్చటే యాదికి రాదు. తులసికి కంకులొచ్చినప్పుడల్ల తుంపాలె, లేకుంటె ఇత్తునం పట్టి ఎండిపోతది, చాన మంది పూజ చెట్టు అని ముట్టుకోరు, ఆడనే ఖరాబైతది. గుంటగలగర కుండీల పెట్టుకుంటె రోజూ తడి ఉండాలె, ఆకు దంచి నువ్వుల నూనెల కాసి తలకు పెడతం. నేలఉసిరి నువ్వు పెట్టెడిదేం లేదు, వానలు పడితె ఏ కుండీల చూసినా అదే మొలుస్తది, కలుపని పీకి పడేస్తరు, ఆకు తిరగేసి చూడు, కింద ఆవగింజంత కాయలు వరుసగ ఉంటయి. నల్లేరు పెడితె పచ్చడికి పనికొస్తది గని కోసేటప్పుడు చేతులకు నూనె రాసుకో, లేకుంటె మాపటిదాక గోకుకుంటనే ఉంటవ్, నా అనుభవం.

సరస్వతి ఆకు కొనేటప్పుడు జర చూసుకో. నాకు అంగడిల ఒకామె సరస్వతి ఆకు అని చిన్న చిన్న మందపాటి ఆకులది ఇచ్చింది, తెచ్చి పెట్టినంక తెలిసింది అది నీటి సాంబ్రాణి. కొన్ని దిక్కుల రెండిటినీ ఒకే తీరుగ పిలుస్తరు. మనం అనుకునేది గుండ్రటి ఆకు, ఒక పక్కకు చీలినట్టుంటది, నేల మీద పాకుతది.

గుట్టకాడి_పోరడు:

ఇంత లొల్లెందుకు అన్నా, చెరువు కట్ట మీదికి పోతె అన్నీ ఫ్రీ, అడ్డసరం వావిలి ఎంత గావాలంటె అంత 😂

దేవరకొండ_అక్క:

తమ్మీ ఇప్పుడు చెరువు కట్టలు, పొలం గట్లు అన్నిటికీ గడ్డి మందు కొడుతున్రు. తెంపేటప్పుడు మన కండ్లకు కనవడతదా?

నైట్_డ్యూటీ_సిస్టర్:

మొక్కల సంగతి మీరంత మంచిగ చెప్పిన్రు, నేను మనుషుల సంగతి చెప్త, జర పెద్దగైతది ఏమనుకోవద్దు.

ముందు చిన్నది. ఏడాది నిండని పిల్లలకు తేనె నాకియ్యనే వద్దు, ఓమాకుల కలిపినా వద్దు, ఉట్టిగనైనా వద్దు. తేనెల కొన్నిసార్లు ఒక సూక్ష్మక్రిమి బీజాలుంటయి, మనకేం కాదు గని పసిపిల్లల పేగులల్ల అది పెరిగి విషం చేస్తది, దాన్ని బోటులిజం అంటరు. ఎనిమిది నెలలదానికి పసర్లు కూడ వద్దు, ముక్కు బిగిస్తె సెలైన్ చుక్కలు, రొప్పుతుంటె దవాఖాన, గంతె. అమ్మను కోపం చెయ్యకు, మా అత్తమ్మ కూడ ఇదే అన్నది.

ఇగ బాపు. ఆయన వేసుకునే గోళీలల్ల గ్లిమెపిరైడ్ ఉన్నదా చూడు. అది ఒకవైపు, తిప్పతీగ ఒకవైపు షుగర్ గుంజితె పొద్దుగాల పరగడుపున కింద పడిపోవచ్చు. చెమటలు, చేతులు వణుకుడు, కండ్లు మసకలు, ఇవేమన్న ఉన్నయా అడుగు. గ్లూకోమీటర్ ఉంటె కషాయం తాగే ముందొకసారి, తాగిన గంట తర్వాత ఇంకోసారి చూడు. 70 కిందికి వస్తె మూడు చెంచాల చక్కెర నీళ్ళల్ల కలిపి తాగియ్యి, 15 నిమిషాలకు మళ్ళ చూడు.

రెండోది, ఆ తీగ అసలు తిప్పతీగనేనా? కరోనా టైంల అందరం తాగినం కదా, 2021ల ముంబై డాక్టర్లు కొందరు అది తాగినోళ్ళకు లివర్ దెబ్బతిన్నదని రాసిన్రు. ఆయుష్ శాఖేమో అసలు తిప్పతీగతోని గట్ల కాదు, దాని లెక్కనే ఉండే ఇంకో తీగ అయ్యుంటదని అన్నది. ఎవరిది నిజమైనా మనకు తెలిసేది ఒక్కటే, కాడ మీద పులిపిర్ల లెక్క బుడిపెలు నిండుగ ఉంటె అది ఆ ఇంకో తీగ, తాగొద్దు. అసలుదైతె పైపొర పల్చగ కాయితం లెక్క ఊడతది, లోపల పచ్చగుంటది. అసలుదైనా షుగర్ గోళీలు వేసుకునేటోళ్ళు డాక్టర్‌కు చెప్పకుంట రోజూ తాగొద్దు.

అడ్డసరం మంచి మొక్కనే, దగ్గు సిరప్‌లల్ల ఉండే బ్రోమ్‌హెక్సిన్ ఆ ఆకుల ఉన్న వాసిసిన్ అనే పదార్థం నుంచే పుట్టింది. గని కడుపుతోని ఉన్నోళ్ళకు ఇయ్యొద్దు, గర్భసంచి ముడుచుకుంటది.

నల్గొండ_మిద్దె:

అందరికీ దండాలు. నిన్న కుండీలన్ని గీకిన, అరబకెట్ తెల్లమట్టి వెళ్ళింది. నీళ్ళు పోస్తె మొదటి రెండుసార్లు నురగ నురగ కారింది, మూడోసారికి తేటగైంది.

సిస్టర్ గారు, మీరు చెప్పినట్టే అడిగిన. వారం సంది పొద్దుగాల చెమటలు పడుతున్నయంట, ఉక్కపోత అనుకున్నడంట ఎవరికీ చెప్పలే. ఇయ్యాల కషాయం తాగినంక చూస్తె 64 వచ్చింది. చక్కెర నీళ్ళు ఇచ్చినంక 98. గోళీల అట్ట తిరగేస్తె మీరన్న పేరే ఉన్నది. మాపటికి డాక్టర్ దగ్గరికి పోతున్నం. పక్కింటి తాత తీగ కూడ పోయి చూసిన, కాడ నున్నగనే ఉన్నది, బుడిపెలు లేవు, పాపం ఆయన మంచిదే ఇచ్చిండు. ఆయనకు ఎట్ల చెప్పాల్నో అర్థమైతలేదు, రేపు పొద్దుగాల మళ్ళ గ్లాసు పట్టుకోని వస్తడు.

పాలమూరు_నర్సరీ:

డాక్టర్ వద్దన్నడని చెప్పు, పెద్దోళ్ళు డాక్టర్ మాటకు ఏమనరు. ఆర్వో నీళ్ళతోని బండలు కడుక్కో, బాత్‌రూంల పోసుకో. మిరుగు వెళ్ళినంక రెండు మంచి వానలు పడనియ్యి, అప్పుడు పెట్టు, ఓమాకు కొమ్మలు ఎన్ని గావాలన్నా అక్క దగ్గరున్నయి కదా.